ఒళ్లు పట్టిన గొర్రె

దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప పక్కకు లాగి నాగప్ప గొర్రెలను బయటికి వదులుతున్నాడు. ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నాడు గానీ, చూపు మాత్రం ఎదురు దొడ్డి మీదే ఉంది. అది తమ్ముడు తిరుపతిది. బోరు కింద పెంచిన పచ్చిగడ్డి తిని తిరుపతి గొర్రెలు నిగనిగలాడుతూ అప్పుడే బాట పట్టాయి. వాటిని చూస్తే నాగప్పకు కళ్లు కుడతాయి. ఇది ఇవాళ్టి సంగతి కాదు.

నల్లటి, సన్నటి మనిషి. మోకాళ్ల కిందంతా ముళ్లు గీరిన తెల్ల చారలు. గట్టు ఊరి చుట్టుపక్కల మెట్ట చెలకల్లో, గుట్టల మీద గొర్రెల వెంట తిరగడంతోనే బతుకంతా గడిచింది. తమ్ముడి చెలకలో బోరు పడింది, తన చెలకలో రాళ్లు పడ్డాయి. తమ్ముడి పెళ్లికి బ్యాండు పెట్టారు, తన పెళ్లికి పెట్టలేదు. ఇవన్నీ ఊళ్లో ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? నాగప్పకు మాత్రం నిన్న జరిగినట్టే ఉంటాయి.

తమ్ముడికి లేక తనకున్నది ఒక్కటే, నొసట తెల్లమచ్చ ఉన్న బొల్లి గొర్రె. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గొర్రె సంతతి అది. వేరుపడ్డప్పుడు దాన్ని పెద్దకొడుక్కే ఇచ్చింది. "దాని ఈతల ఒక్క పిల్లనియ్యే, అన్నా. అమ్మ గుర్తుకుంటది" అని తిరుపతి ఎన్నిసార్లు అడిగాడో! నాగప్ప ఇవ్వలేదు. బొల్లికి పుట్టిన ఆడ గొర్రెపిల్లలన్నిటినీ పెబ్బేరు సంతకు తోలి అమ్మేశాడు. ఆ తెల్లమచ్చ తమ్ముడి దొడ్డిలో కనబడటం కన్నా ఊరు దాటిపోవడమే నయమనుకున్నాడు.

బొల్లి అన్నిటికన్నా వెనక, తల వేలాడేసుకుని వచ్చింది.

"జూస్తివా కిష్టమ్మా, గదుమ కింద గూడ ఒళ్లు పట్టింది" అన్నాడు భార్యతో గొప్పగా.

పెంటికలు ఊడుస్తున్న కిష్టమ్మ చీపురు పడేసి వచ్చి, గొర్రె దవడ కింద వేలితో నొక్కింది. సొట్టపడింది, పడింది పడ్డట్టే ఉంది.

"ఒళ్లు గాదు, నీరు పట్టింది. కన్ను జూడు" అంటూ కింది రెప్ప లాగింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టుంది.

నాగప్పకు దసరాకు ముందు సంగతి గుర్తొచ్చింది. కాలువ కట్ట కింద ఊట నీళ్లు నిలిచి, గడ్డి మోకాలెత్తు లేచింది. తిరుపతి ఎదురొచ్చి మరీ చెప్పాడు. "అన్నా, ఊట కాడికి తోలకు. నత్తలున్నయి. పెంటికల కెల్లి పురుగు నీళ్లల్ల పడి నత్తల జొస్తదట. నత్తల పెరిగి గడ్డికంటుతదట. ఆ గడ్డి మేస్తే గొర్రె కార్జంల జలగలైతయి."

"నత్తలు గొర్రెల సంపుతయా? ఎవనికి జెప్తున్నవ్ రా!" అన్నాడు నాగప్ప. గడ్డంతా తనే మేపుకోవాలని తమ్ముడు పన్నాగం పన్నాడనే అనుకున్నాడు. తెల్లారి అందరికన్నా ముందు మందను అక్కడికే తోలాడు. కొన్ని వారాల్లోనే గొర్రెలు నున్నబడ్డాయి. ఇక చూడాలి నాగప్ప నడక! దారి కాకపోయినా రోజూ తమ్ముడి గడప ముందు నుంచే తోలుకుపోయేవాడు.

ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు పోతే డాక్టరు బొల్లి కళ్లు చూసి నిట్టూర్చాడు. కాలేయానికి ఆ జలగలు పట్టిన మొదట్లో గొర్రె కొవ్వినట్టే కనబడుతుందని, అదే మోసమని చెప్పాడు. మిగతావాటికి మందు తాపిస్తే బతుకుతాయి. దీనికి ఆలస్యమైంది, అయినా ప్రయత్నం చెయ్యమన్నాడు.

ఇంటికొచ్చి దొడ్డిలో పడుకోబెట్టి ఎంత తాపినా బొల్లి మింగలేదు. మందు మూతి పక్క నుంచి కారిపోయింది. పొద్దు వాలుతుండగా తిరుపతి వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, మడిచి, గొర్రె తల కింద పెట్టాడు. దవడ పక్కన వేలు దూర్చి కొంచెం కొంచెంగా మందు పోశాడు. బొల్లి గుటక వేసింది.

తన చేత మింగని గొర్రె తమ్ముడి చేత మింగింది! అంత పరేషాన్‌లోనూ నాగప్ప కడుపు భగ్గున మండింది. అది బతకాలనీ ఉంది, తమ్ముడి చేతి మీద బతకొద్దనీ ఉంది. ఛీ, ఇదేం బుద్ధి అని తన మీద తనకే రోత పుట్టింది. అయినా మంట ఆరలేదు.

బొల్లి ఒకసారి కాళ్లు చాపింది. పొట్ట ఎగరడం ఆగింది. తిరుపతి దాని నొసటి మచ్చను బొటనవేలితో నిమిరాడు. ఒక్క మాటన్నా అంటే తిరిగి తిట్టొచ్చని నాగప్ప ఎదురుచూశాడు. తిరుపతి లేచి, చేతులు దులుపుకుని, మిగతా గొర్రెల వైపు చూసి, "అన్నిటికీ తాపు అన్నా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

కిష్టమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది.

"ఒక్క పిల్లను ఆయనకిచ్చుంటే, అత్త గొర్రె సంతతి ఇయ్యాల ఎదురు దొడ్ల ఉండేది" అంది.

నాగప్ప ఎదురు దొడ్డి వైపు చూశాడు. అక్కడ అన్నీ నల్ల నొసళ్లే. మొదటిసారి అక్కడ ఒక తెల్లమచ్చ కోసం వెతికాడు.

బొల్లి తల కింద తిరుపతి తువ్వాల ఉండిపోయింది. ఒక కొస మందుతో, చొంగతో తడిసింది. రెండో కొస మడత విడకుండా పొడిగానే ఉంది.