వీపు మీది పల్లేర్లు

తమ పల్లె హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్ బడికి పోయే షేర్ ఆటోలో కృప రోజూ ముందుకు వంగే కూర్చునేది. బడిలో ఎవరు వెక్కిరించినా ఆ మాట ముళ్ల పల్లేరుకాయై ఆమె వీపుకు అతుక్కునేది. ఆటోలో వాళ్లు "జర జరుగు బిడ్డా, గుచ్చుతున్నయ్" అనేవాళ్లు, అంతే. సాయంత్రం క్యారట్ చేలో కూలి ముగించుకొని వచ్చి తల్లి విమలమ్మ ఒక్కొక్కటే పీకేది. తెల్లారేసరికి అవే కాయలు మళ్లీ అక్కడే ఉండేవి.

తొమ్మిదో తరగతిలో కృపకు మట్టిగడ్డ అని పేరు పెట్టింది అరుణజ్యోతి. "మట్టిగడ్డ వచ్చిందే, బెంచీలు తుడుసుకోండ్రి" అంటే క్లాసంతా నవ్వేది. నవ్వకుండా కిటికీ బయటికి చూసేవాళ్ల దగ్గర నుంచీ కాయలు వచ్చేవి. మౌనం కూడా ఒక పక్షమే. ఆ కాయలకు ముళ్లు ఇంకా ఎక్కువ.

ఆ సోమవారం ప్రార్థనలో కృప చేతిలో దరఖాస్తు ఉంది. పొట్టిది కాబట్టి వరుసలో ఆమే ముందు. వెనక పూర్ణిమ. ఆర్నెల్లుగా ఆ వీపునే చూస్తోంది.

"ఏందే ఆ కాయితం?"

"టీసీ కోసం. రేపటిసంది అమ్మతోని కూలికి పోత."

"ఎందుకే?"

"నీకు కనవడ్తలేదా?"

ప్రతిజ్ఞకు అందరూ చేతులు చాచారు. అందరం తోబుట్టువులమని రోజూ పలికే నోళ్లే అవి. పూర్ణిమ చెయ్యి ఇంకో జానెడు ముందుకు పోయి ఒక కాయను లాగింది. వేలికి రక్తం వచ్చింది.

"ఇది నాదే. మొన్న నేను సుత నవ్విన."

ఆ కాయ కిందపడి పొడైపోయింది.

"నాదేడుందో సూడనీయ్" అంటూ వెనక నుంచి కవిత వచ్చింది. ఒకరి వెనక ఒకరు వచ్చి ఎవరి కాయ వాళ్లు లాగారు. వరుస చెదిరింది. పీఈటీ సార్ ఈల ఊదబోయి ఆగి, తనవి రెండు తనే తీసుకున్నాడు.

వరుస చివర అరుణజ్యోతి ఒక్కతే మిగిలింది. "మట్టిగడ్డా" అని అరిచింది. ఎవరూ నవ్వలేదు. ఆ మాట కృప దాకా వచ్చి, అతుక్కోలేక నేలరాలింది.

వీపు నడుమ ఇంకొక్కటి మిగిలింది, అన్నిటికన్నా పెద్దది. ఎవరు లాగినా రాలేదు. కృప నడుచుకుంటూ పోయి అరుణజ్యోతి ముందు వీపు తిప్పి నిలబడింది.

"ఇది నీది. తియ్యి."

"తియ్యకపోతే?"

"ఇట్లనే నిలవడ్త. రేపొస్త, ఎల్లుండొస్త, పది పాసయ్యేదాక వస్త."

గంట కొట్టారు. బడి మొత్తంలో ఒక్కరూ కదలలేదు. అరుణజ్యోతి చెయ్యి మెల్లగా లేచింది.

"కృపా," అంది, "జర కదలకు."