పడమటి గేటు కూత

"మావాడికేదో అయ్యే ఉంటుంది వదినా. రెండున్నరకి పోవలసిన గూడ్సు మూడైనా జాడ లేదు. బండి పట్టాలు తప్పిందో, వాడికే కళ్లు తిరిగాయో!" అంది తల్లి, గుమ్మంలోంచి పట్టాల వైపు చూస్తూ.

పక్కింటి గార్డుగారి భార్య చేటలోంచి తల ఎత్తలేదు. "గూడ్సు ఏనాడు టైముకి ఏడ్చింది? నీ గాభరా చూస్తూ కూర్చుంటే ఈ బియ్యంలో రాళ్లన్నీ మా ఆయన కంచంలోనే తేలతాయి."

ఆ ఊరు పుట్టిందే ఇంజన్ల దాహం తీర్చడానికి. బొగ్గు ఇంజన్ల కాలంలో ప్రతి బండీ అక్కడ ఇరవై నిమిషాలాగి నీళ్లు పట్టుకునేది, బూడిద దులుపుకునేది. షెడ్డు చుట్టూ లైనిళ్లు, లైనిళ్ల చుట్టూ కొట్లు, కొట్ల వెనక బడి, అలా ఊరైంది. డ్రైవర్లు ఒక్కొక్కరిదీ ఒక్కో కూత. అది వినగానే ఏ ఇంటావిడ పొయ్యి వెలిగించాలో ఆవిడకి తెలిసిపోయేది. గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్తది ఒక పొడుగు, రెండు పొట్టి. ఆ మూడు కూతల మీదే ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసింది.

బొగ్గు పోయింది. నీళ్ల ట్యాంకు తుప్పుపట్టింది. బండ్లు ఆ ఊరి మొహం కూడా చూడకుండా దూసుకుపోవడం మొదలెట్టాయి. భర్త కూడా పోయాక ఆమెకి మిగిలింది కొడుకు కూత ఒక్కటే. వాడు కరెంటు ఇంజను నడుపుతాడు. ఆమె ఇంటి పక్కనే తూర్పు గేటు ఉండేది. గేటుకి ముందు, బోర్డు పాతిన చోట పొడుగు హారన్ కొట్టడం రూలు. దాని వెనక రెండు పొట్టివి మాత్రం రూలు కాదు. అవి అమ్మకి. బాగానే ఉన్నానని కబురు.

రెండు నెలల కిందట ఆ గేటు మూసి, పట్టాల కింద నుంచి దారి తవ్వారు. బోర్డు పీకేశారు. "బోర్డు లేనిచోట కొడితే ఇంజన్లో రికార్డవుతుందమ్మా, అడుగుతారు" అన్నాడు కొడుకు. సరేలెమ్మని సరిపెట్టుకుంది.

మూడుంబావుకి గూడ్సు వచ్చింది. ఆమె ఇంటి ముందు నుంచి మూగదానిలా పోయింది. తర్వాత, ఆరోజు గాలి ఇటు తిరిగి ఉందేమో, పడమటి వైపు నుంచి కూత వినిపించింది. ఒక పొడుగు. ఆ వెంటనే రెండు పొట్టి.

గార్డుగారి భార్య పకపకా నవ్వింది. "విన్నావా? మీవాడికేమీ కాలేదు. పెళ్లాం దగ్గరికి రాగానే గొంతు పెగిలింది, అంతే!"

పడమటి గేటుకి బోర్డు ఇంకా ఉంది. అక్కడ డ్యూటీ కోడలిది. పెళ్లై ఆరు నెలలు. గేటు పక్క క్వార్టర్లోనే ఇద్దరి కాపురం.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. రికార్డవడం నా దగ్గరేనా? అక్కడ ఇంజనుకి చెవుడా?

మర్నాడు క్యారియరు నెపంతో పడమటి గేటుకి వెళ్లింది. కోడలు పచ్చజెండా పట్టుకుని నిటారుగా నిలబడింది. ఇంజను దగ్గరపడింది. కొడుకు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. రెండు పొట్టి కూతలు పడ్డాయి. కోడలు జెండా కదపలేదు, పెదవి కూడా కదపలేదు. కళ్లు మాత్రం నవ్వాయి. వాడికి కోడలి పక్కనే నిలబడిన తల్లి కనపడనేలేదు.

క్యారియరు గట్టు మీద పెట్టి నేరుగా స్టేషనుకి నడిచింది. టికెట్ల కిటికీ పక్కన దారానికి కట్టిన ఫిర్యాదుల పుస్తకం వేలాడుతోంది. వరస కలవని అక్షరాలతో రాసింది: "మధ్యాహ్నం గూడ్సు డ్రైవరు పడమటి గేటు దగ్గర ఊరికే హారన్ కొడుతున్నాడు. చంటిపిల్లలు దడుచుకుంటున్నారు. ఇట్లు, ఒక గృహిణి."

భర్త రోజుల్లో అయితే స్టేషను మాస్టరు ఆ పేజీ చింపి, డ్రైవరుని పిలిచి, టీ తాగుతూ రెండు చీవాట్లు పెట్టేవాడు. ఇప్పుడూ అంతే అనుకుంది. ఇప్పుడు ప్రతి పేజీకీ నంబరుంటుందని, అది పెద్దాఫీసుకి పోతుందని, అక్కడ ఇంజను రికార్డు తీసి ఎన్ని కూతలు ఏ గేటు దగ్గర పడ్డాయో లెక్కపెడతారని ఆమెకెవరు చెప్పారు?

వారం తిరక్కుండా కొడుకుని ఇంజను దింపేశారు.

నాలుగు రోజులు వాడు క్వార్టర్లోనే ఉన్నాడు. కొడుకు కళ్లెదుట ఉండాలని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు వాడి మొహం చూడలేకపోయింది. వాడు గడ్డం గీసుకోలేదు. బండి చప్పుడైతే చాలు, లేచి కిటికీ మూసేసేవాడు. ఉద్యోగం పోతుందేమో, వాడేమైనా చేసుకుంటాడేమో అని రోజూ పొద్దున్నే క్వార్టరుకి పరిగెత్తేది.

అయిదో రోజు మధ్యాహ్నం ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు.

"రేపే విచారణ. మూడు నెలలు యార్డులో పెట్టెలు జరిపే పనిలో పడేస్తారట. ఫిర్యాదు చేసినవాళ్లే వచ్చి వెనక్కి తీసుకుంటే హెచ్చరికతో పోతుందన్నారు" అన్నాడు కొడుకు. "ఎవరో గృహిణి. ఎక్కడని వెతకను?"

వాడు భార్య వైపు తిరిగాడు. "నీ దగ్గర వాంగ్మూలం తీసుకున్నప్పుడు ఇన్‌స్పెక్టరు ఆ పేజీ చూపించాడన్నావుగా. ఆ రాత ఎవరిదో తెలిసిందా?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక్కసారి అత్తగారిని చూసి తల దించుకుంది.

ఆ చూపుతో ఆమెకి అర్థమైంది. ఈ పిల్లకి తెలుసు. నెలనెలా తను రాసిచ్చే సామాన్ల చీటీలు చదివే పిల్లకి ఆ రాత తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ అయిదు రోజులుగా మొగుడి దగ్గర నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా విప్పదు. తనని కాపాడుతుంది. కాపాడి, మంచిదనిపించుకోకుండానే మంచిదైపోతుంది.

ఆమెకి ఏడుపు రాలేదు. మళ్లీ అదే మంట. కూత తీసుకుంది, కొడుకుని తీసుకుంది. వాణ్ని ఇంజను ఎక్కించే పుణ్యమైనా నాకు మిగలనీ.

"నిన్నే అడుగుతున్నాను" అన్నాడు కొడుకు భార్యతో.

కూర చల్లారిపోయింది. ఈగ ఒకటి వచ్చి వాలినా ఎవరూ తోలలేదు. గేటు ఫోను మోగి మోగి ఆగింది. అవతలి షిఫ్టు మనిషి ఎవరినో కేకేసి గేటు దించాడు. బండి వచ్చింది, పోయింది, గేటు మళ్లీ లేచింది.

"దాన్నెందుకురా నిలదీస్తావు?" అంది తల్లి చివరికి, కంచం పక్కకి నెట్టి. "రాసింది నేను. రేపు నాతో రా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."