హైమవతి మేడమ్ అరచేతి కింద

నేను ఒక ఇత్తడి గంటను. గుడిలో గొలుసుకు వేలాడే జాతి కాదు. బల్లమీద బోర్లించిన గిన్నెలా కూర్చుని, నడినెత్తిన మీట నొక్కితే టింగుమనే జాతి. నా కంఠం స్వచ్ఛమైనదని చెప్పుకోవడం ఆత్మస్తుతి కావచ్చు. అసత్యం మాత్రం కాదు. అయితే ఆ కంఠం నా అధీనంలో లేదు. ఎవరి అరచేయో దిగితే తప్ప నేను పలకలేను. ఈ లోపం ఎంత భయంకరమైనదో ఒక ఉదయం నాకు తెలిసివచ్చింది.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో, ఒక కంచరి కొలిమిలో పుట్టాను. నన్ను పోతపోసిన వృద్ధుడు చెవి దగ్గర పెట్టుకొని గోటితో మీటి, "దీని గొంతు బాగుందిరా, పెద్ద కచేరీకే పోతాది," అని కొడుకుతో అన్నాడు. ఆయన జోస్యం ఫలించింది. విశాఖపట్నంలో మీట, స్ప్రింగు అమర్చుకొని మొదట ఒక వకీలు గారి బల్ల చేరాను. ఎన్నిసార్లు మోగినా అక్కడి గుమాస్తాకు వినిపించేది కాదు. పక్కవీధి టీ బండి పిలుపు మాత్రం స్పష్టంగా వినిపించేది. మనుషుల చెవులు ఇష్టానుసారం పనిచేస్తాయని అక్కడే గ్రహించాను.

వకీలు గారి అనంతరం ఒక ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంటు బల్లమీదికి వచ్చాను. ఆమే డాక్టర్ హైమవతి గారు. ఆమె చేయి పొడిగా, వెచ్చగా, నిబ్బరంగా ఉండేది. పదవీ విరమణ నాడు పూలదండలన్నీ ఆయాలకు పంచిపెట్టి, నన్ను మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకున్నారు.

అప్పటినుండి నాకు ఏటా ఒక ఉద్యోగం దక్కింది. మహిళల ఆరోగ్యంపై పరిశోధనకూ, వైద్యసేవల మెరుగుదలకూ వైద్యులు జరుపుకొనే సదస్సులో మేడమ్ అధ్యక్షత వహించేవారు. వక్తకిచ్చిన సమయం ముగియగానే నన్ను మోగించేవారు. ఆచార్యులైనా, శిష్యులైనా ఒకటే న్యాయం. వాక్యం మధ్యలో ఉన్నవారు సైతం ఆ వాక్యాన్ని అక్కడే విడిచి దిగిపోవలసిందే.

ఆ సంవత్సరం సదస్సు సముద్రతీరాన ఒక హోటల్లో జరిగింది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు యథావిధిగా సాగాయి. పెద్దమనుషుల భుజాలకు శాలువాలు కప్పడానికి పట్టిన సమయంలో స్త్రీల గుండెను గురించి ఎన్నో ప్రసంగాలు వినవచ్చు. "శాలువాలు తిన్న సమయాన్ని వక్తల దగ్గర వసూలు చేయక తప్పదు," అని మేడమ్ మైకులో ప్రకటించి, అలవాటుగా నా మీద చేయి ఆనించారు.

ఆ చేయి నాకు పరాయిదిగా తోచింది. చల్లగా, తడిగా ఉంది.

పక్క కుర్చీలోని సహాధ్యక్షులు డాక్టర్ సాంబమూర్తి గారు వంగి చూశారు. "హైమవతి గారూ, ముఖం పాలిపోయిందేమండీ?"

"గ్యాస్ అండీ. పొద్దున్న పెసరట్టు ఉప్మా తిన్నాను. దవడ కూడా లాగుతోంది, పన్ను కాబోలు."

"సోడా తెప్పించనా? గంట ఇలా ఇవ్వండి, నేను చూసుకుంటాను."

"మీరా? మీ చేతికిస్తే రేపటికి గాని భోజనాలుండవు. ఈ ప్రసంగం కానివ్వండి."

వేదికపైకి వచ్చింది డాక్టర్ తబిత. మేడమ్ వద్ద చదువుకొని గుండె వైద్యురాలైన యువతి. స్త్రీలలో గుండెపోటును ఆలస్యంగా ఎందుకు గుర్తిస్తున్నామన్నది ఆమె విషయం.

"రొమ్ము పట్టుకొని పడిపోతేనే గుండెపోటు అనుకుంటాం," అంటోంది తబిత. "మన ఆడవాళ్ళలో చాలామందికి అలా రాదు. ఆయాసం, వికారం, చల్లటి చెమట, దవడలో లాగుడు. ఇంట్లో వాళ్ళు గ్యాస్ అంటారు. ఆమె కూడా గ్యాసే అంటుంది. చివరికి మనమూ అదే అంటాం."

సభ తలలూపింది. కలాలు కదిలాయి. తెరమీది బొమ్మను అందరూ శ్రద్ధగా చూస్తున్నారు. దాని పక్కనే కూర్చున్న మనిషిని ఒక్కరూ చూడరు! దవడ అన్న మాట దగ్గర మేడమ్ వేళ్ళు నా మీద బిగుసుకున్నాయి. ఆమెకు అర్థమైంది. అయినా లేవలేదు. శిష్యురాలి ప్రసంగాన్ని తన నొప్పితో భగ్నం చేయడం మర్యాద కాదనుకున్నారు కాబోలు. ఆ మర్యాదను నేనెంత శపించానో! కొంచెం ఒత్తండి, నేను అరుస్తానని లోలోపలే మొత్తుకున్నాను. చేయి అంతకంతకూ బరువెక్కింది. మీటను కదిలించేపాటి సత్తువ మాత్రం అందులో లేదు.

సమయం ముగిసినట్లు ఎర్రదీపం వెలిగింది. నేను మోగలేదు.

తబిత నా వైపు చూసింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. "శిష్యురాలు కదా, మేడమ్ కూడా కరిగిపోయారు!" చప్పట్లు మోగాయి.

తబిత నవ్వలేదు. "మేడమ్ సొంత కూతురికైనా అరనిమిషం ఎక్కువివ్వరు," అంటూ మైకు వదిలి పరుగున వచ్చింది. "మేడమ్! గంట ఎందుకు కొట్టలేదు?"

"బాగా చెబుతున్నావు... పూర్తిచెయ్యి."

"దవడ నొప్పా?"

మేడమ్ కళ్ళతోనే ఔనన్నారు.

ఆపై సభామందిరమంతా కల్లోలం. బయట అమ్మకానికి ప్రదర్శించిన ఈసీజీ యంత్రాన్నే లోపలికి లాక్కొచ్చారు. అంబులెన్స్ కోసం కేకలు, కుర్చీల చప్పుడు. ఎవరి మోచేయో తగిలి నేను బల్లకిందికి దొర్లిపోయాను. తెల్లని గుడ్డ చాటున స్ట్రెచర్ చక్రాలు దూరమవడం విన్నాను. అంతే.

మిగిలిపోయిన శాలువాలతోపాటు నన్ను హోటల్లోనే ఒక బీరువాలో పెట్టారు. ఆమె ఉన్నారో లేరో చెప్పేవారు లేరు. తలుపు సవ్వడి అయినప్పుడల్లా ఆశపడ్డాను. వినడానికి భయపడ్డాను కూడా.

చివరికి తలుపు తెరిచింది తబితే. "ఇదిగో దొరికింది. మేడమ్ ఒకటే గొడవ, నా గంట ఏదీ అని." ఆ ఒక్క వాక్యం కోసం బుడితి కొలిమిలో మళ్ళీ కరగమన్నా కరిగేవాణ్ణి.

ఇప్పుడు నేను మేడమ్ మంచం పక్కన, మాత్రల డబ్బాకు తోడుగా ఉంటున్నాను. పక్కగదిలో ఆమె చెల్లెలు సుగుణ ఉంటుంది. మొదటి రోజే తబిత ఆజ్ఞాపించింది: "ఏం తేడా అనిపించినా కొట్టాలి మేడమ్."

"గ్యాస్‌కి కూడానా?"

"ముఖ్యంగా గ్యాస్‌కే."

మొన్న ఒక మధ్యాహ్నం ఆ చేయి నా మీదికి వచ్చింది. తడిగా ఉంది. ఒక్క క్షణం ఆగింది. "పాపం, ఇప్పుడే కునుకు తీసింది," అని గొణుక్కుంటూ మేడమ్ చేయి వెనక్కు తీసుకున్నారు. వక్తలెందరినో నిర్దాక్షిణ్యంగా ఆపిన మనిషికి, ఒక్క చెల్లెల్ని లేపడానికి ఇంత మొహమాటమా? మళ్ళీ ఎర్రదీపం వెలిగినట్లే ఉంది నాకు.

చేయి తిరిగి వచ్చింది. ఈసారి దిగింది.

సుగుణ జుట్టు ముడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా?"

"ఏమో, గ్యాసే కావచ్చు," అన్నారు మేడమ్. "అయినా తబితకు ఫోన్ చెయ్యి."

నా అంచున కంపనం ఇంకా ఆగలేదు.