హేమతో బేరం

నరసింగరావు బేరం ఆడాడంటే అవతలివాడు ఇంటికెళ్ళి పెళ్ళాం చేత తిట్లు తినాల్సిందే. ఆమదాలవలసలో ఏళ్ళ తరబడి ధాన్యం కమీషన్ వ్యాపారం చేసిన మనిషి. చెప్పిన ధరకి ఏ వస్తువూ కొన్న పాపాన పోలేదు. వంకాయల దగ్గర్నుంచి కూతురి పెళ్ళి పందిరి దాకా ఆయనది ఒకటే మంత్రం. సగానికి అడగడం, సంచీ సర్దుకుని నాలుగడుగులు వెయ్యడం, వెనకనుంచి "ఇలా రండి బావూ" అన్న కేక కోసం చెవులు రిక్కించడం. ఆ కేక తప్పకుండా వచ్చేది. అదంతా తన తెలివేనని ఆయన గట్టిగా నమ్మాడు. ఎండకి వాడిపోతున్న వంకాయలకి కూడా అందులో కొంత వాటా ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

వ్యాపారం మానేశాక ఖాళీగా కూర్చోలేక, తనలాంటి మరో నలుగురితో కలిసి చేదోడు సంఘం పెట్టాడు. దాని ఆస్తి ఒక పాత వ్యాను, దాన్ని తోలడానికి నాగబాబు. చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీ జబ్బు మనుషుల్ని ఎక్కించుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళడం, డయాలిసిస్ అయ్యాక మళ్ళీ ఎవరింటి దగ్గర వాళ్ళని దింపడం, అదే సంఘం పని. ఆ వ్యాను గేరుబాక్సు మూలగడం మొదలెట్టింది. మార్చకపోతే బండి ఏ రోజైనా నడిరోడ్డు మీద పడుకుంటుందని మెకానిక్ తెగేసి చెప్పాడు.

అంత డబ్బు సంఘం దగ్గర లేదు. అయినా నాగబాబు ఊరుకోలేదు. డయాలిసిస్‌కి బయల్దేరి వ్యాను మెట్టు మీద కూర్చున్న మరిడమ్మని ఫోన్లో వీడియో తీశాడు. ఒకప్పుడు నెత్తిన చేపల తట్టతో ఊరూరా తిరిగిన మనిషి, ఇప్పుడు బండి ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. వీడియోలో ఆమె అన్నది ఒక్కటే మాట. "ఈ బండి ఆగిపోతే నానూ ఆగిపోతాను బావూ."

ఆ మాట విశాఖపట్నంలోనూ హైదరాబాదులోనూ ఉన్న జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. "లింకు పంపండి, ఇప్పుడే వేస్తాం" అని ఒకటే మెసేజీలు. పోయినసారి నరసింగరావు డబ్బు వెయ్యడానికి తన సొంత ఫోన్ నంబరు ఇచ్చాడు. వ్యాను టైర్లకొచ్చిన డబ్బుతో భార్య తాయారు నిక్షేపంగా చీటీ కట్టేసింది. ఈసారి అలా కాకుండా, రసీదులు ఇచ్చే పద్ధతైన ఆన్‌లైన్ విరాళాల కంపెనీని పట్టాలని సంఘం అనుకుంది.

"నాకు ఒదిలీండి. ఏది సవకో నేను తేలుస్తాను" అన్నాడు నరసింగరావు. అందరూ చప్పట్లు కొట్టారు. కొంప అక్కడే మునిగింది.

ఒక కంపెనీ నూటికి అయిదు కోసుకుంటానంది. ఇంకొకటి డబ్బు వచ్చినా రాకపోయినా నెలనెలా అద్దె కట్టమంది. మూడోది పూర్తిగా ఉచితమని పెద్ద అక్షరాలతో రాసి, తీరా డబ్బు వేసేవాడి దగ్గర బక్షీసు అడుగుతోంది. నాలుగోది నూటికి మూడు, ఇంకేమీ లేదు. బుద్ధున్నవాడు అక్కడ ఆగి సరే అంటాడు. నరసింగరావుకి మాత్రం అది బేరం మొదలుపెట్టే చోటు. పైగా ఆ కంపెనీ పేజీ తెరవగానే మూలన తెలుగులో ఒక పలకరింపు కనిపించింది. "నమస్కారం, నేను హేమ. మీకు ఎలా సాయపడగలను?"

"అమ్మా హేమా, నూటికి మూడంటే ఏటమ్మా? మాది పేద సంఘం. ఒకటికి ఖాయం సేసీ" అని ఫోన్లోకి చెప్పి పంపాడు.

"మీ అభ్యర్థనను నమోదు చేశాం. మరేదైనా సాయం కావాలా?" అని తక్షణం జవాబొచ్చింది.

"కాదనలేదు, సూసేవా?" అన్నాడు తాయారుతో. "పిల్ల మెత్తబడతన్నాది."

మర్నాడు ఒకటిన్నర అన్నాడు. అదే జవాబు. ఆ మర్నాడు తన వ్యాపార అనుభవం గురించి చెప్పాడు, సంఘం కష్టాలు ఏకరువు పెట్టాడు, కాస్త దబాయించాడు కూడా. హేమ విసుక్కోలేదు, పైసా దిగనూలేదు. ఇంత ఓపికైన గడుసుపిల్లని తన జన్మలో చూడలేదనుకుని నరసింగరావు లోలోపల ముచ్చటపడ్డాడు. ఇక చివరి అస్త్రం తీశాడు. "సరేనమ్మా, ఇంకో కొట్టు సూసుకుంటాను. ఎలిపోతన్నాను" అని చాట్ మూసేసి, ఫోను బల్ల మీద పెట్టి, కేక కోసం కూర్చున్నాడు.

స్నానానికి వెళ్ళినా ఫోను గడప మీద పెట్టుకున్నాడు. భోజనం చేస్తూ ఒక కన్ను దాని మీదే ఉంచాడు. గ్రూపుల్లో "లింకు ఏదండీ?" అని అడిగినవాళ్ళకి "బేరం నడుస్తన్నాది, కంగారు పడకండి" అని జవాబిచ్చాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. తన మీద గురి కుదిరిందనుకున్నాడు.

హేమ పిలవలేదు కానీ, మెకానిక్ మాట నిజమైంది. వ్యాను నడిరోడ్డు మీద ఆగిపోయింది. దగ్గర ఊళ్ళవాళ్ళకి సంఘం ఆటోలు మాట్లాడింది. సముద్రం ఒడ్డున ఉన్న మరిడమ్మ ఊరికి మాత్రం ఏ ఆటోవాడూ కుదరలేదు. ఆమెకి వరసగా రెండుసార్లు డయాలిసిస్ తప్పింది. ఊపిరి అందక అల్లాడిపోతుంటే ఇరుగుపొరుగువాళ్ళు ఐస్ పెట్టెలు దింపేసి, చేపల బండిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చారు.

నరసింగరావు పరుగెత్తుకెళ్ళాడు. మరిడమ్మ ముఖం ఉబ్బి గుర్తుపట్టేలా లేదు. ఆయన్ని చూసి లేవబోయింది.

"బేరం తెగిందా బావూ? ఆ హేమ గట్టి మనిసేనంట కదా, నాగబాబు సెప్పేడు."

ఆయన ఆమె భుజాలు పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాడు.

"మీరు దిగకండి. నా కోసమని ఎక్కువకి ఒప్పీసుకోకండి. నానూ బేరాలు ఆడిన దాన్నే" అంది మరిడమ్మ రొప్పుతూ.

ఆ మాట కంటే చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండేదనిపించింది. నరసింగరావుకి ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా హేమకి చెప్పుకున్నాడు. "అమ్మా, మా మనిసి ఆసుపత్రిలో ఉన్నాది. ఎంతో కొంత నువ్వే సెప్పు తల్లీ."

"మీ అభ్యర్థనను నమోదు చేశాం. మరేదైనా సాయం కావాలా?"

తాయారు ఫోను లాక్కుంది. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగింది. అదే జవాబు. "మా ఇంట్లో దొంగలు పడ్డారు" అంది. అభ్యర్థన నమోదైంది. "మా ఆయనకి బుద్ధి లేదు" అంది. అదీ నమోదైంది.

"ఇది మనిసి కాదండీ, మిషను. ఇన్నాళ్ళూ దీంతోనా మీరు బేరం ఆడేరు?"

"మరి పేరున్నాది కదే?"

"మన పిల్లికీ పేరున్నాది."

నూటికి మూడుకి ఒప్పుకుని లింకు తెచ్చుకోవడానికి కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు. గ్రూపుల్లో పెట్టాడు. దణ్ణాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి, డబ్బు మాత్రం చిటికెడే వచ్చింది. మరిడమ్మ మాట విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఈపాటికి వేరే వీడియోలు చూసుకుంటున్నారు. జాలి కూడా వంకాయ లాంటిదేనని నరసింగరావుకి అప్పుడు అర్థమైంది. నూటికి రెండు మిగుల్చుదామని తొంభై ఎనిమిది పోగొట్టిన వ్యాపారి ఈ జిల్లాలో తనొక్కడే అనుకున్నాడు.

ఇక సిగ్గు విడిచి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఎవరెంతన్నా "మహాభాగ్యం" అన్నాడు. తగ్గింది తనే వేశాడు, అదీ ఆ లింకులోనే. తన డబ్బులోంచి కూడా నూటికి మూడు కోసుకున్నారు. రసీదుతో పాటు హేమ ధన్యవాదాలు చెప్పి, మరేదైనా సాయం కావాలా అని అడిగింది. నరసింగరావు ఫోనుకి దణ్ణం పెట్టాడు. మెకానిక్ లెక్క చెప్పినప్పుడు అలవాటు కొద్దీ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

బాగైన వ్యాను మొదటిసారి సముద్రం ఒడ్డుకి వెళ్ళిన రోజు ఆయన కూడా ఎక్కాడు. మరిడమ్మ చిక్కిపోయింది. ఒకవైపు నాగబాబు, మరోవైపు ఆయన పట్టుకుని ఎక్కించారు. బండి కదిలాక అడిగింది.

"అయితే ఆ హేమ ఒప్పుకున్నాదా బావూ?"

"ఆవిడ కాదు మరిడమ్మా. నేనే ఒప్పుకున్నాను."

"ఎంతకి?"

"అడిగినంతకే. ఆ మాట మొదటి రోజే అనుంటే నువ్వు ఆసుపత్రిలో పడేదానివి కాదు. నా బేరం నీ ప్రాణం మీదకి తెచ్చింది."

బండి మెయిన్ రోడ్డెక్కాక మరిడమ్మ ఆయన వైపు కాస్త జరిగి, నాగబాబుకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"అడిగినంతకీ ఇచ్చీసినానని ఎక్కడా అనకండి బావూ. మార్కెట్లో పరువు పోతాది."