పెన్సిల్ సంతకం

బడి మెట్ల మీద మంచు సగం ఎత్తిపోసేసరికి తెల్లవారింది. రేనో లాహ్తి పార గోడకు ఆనించి, చేతి తొడుగు తీసి, చెవి మీది పెన్సిల్ ముక్కతో అట్ట మీద, మెట్ల మంచు కరగడానికి చల్లే ‘ఉప్పు రెండు బస్తాలు’ అని రాసుకున్నాడు. అడిగేవాళ్లెవరూ లేరు. అమెరికాలో, సరస్సు ఒడ్డున డలూత్ ఇనుపఖనిజం రేవులో ముప్పై ఎనిమిదేళ్లు రైలుపెట్టెల నంబర్లు రాసిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు. సరస్సు గాలికి పెన్నులో ఇంకు గడ్డకడుతుంది, పెన్సిల్‌కి ఆ బాధ లేదు. పెళ్లిలో కూడా పెన్సిల్‌తో సంతకం పెట్టబోతే పాస్టరు చెయ్యి పట్టుకుని ఆపాడని రేవంతా చెప్పుకుని నవ్వేది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి, రేవు వదిలాక బడిలో మంచు ఎత్తే పని. మెడ పొట్టి, భుజాలు వెడల్పు, నాలుగు మెట్లెక్కితే ఊపిరిలో ఈల. గుండె కవాటం అరిగిపోయిందని డాక్టరు చెప్పి ఏడాదయింది. భార్య ఐలీకి మాత్రం దగ్గని చెప్పాడు.

రేవు జీతంలోంచి దాచుకున్న సొమ్ము మీద ఇంకా పన్ను కట్టలేదు. తీసినప్పుడల్లా కట్టాలి. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఉంటే ఆ పన్ను కాస్త మెత్తగా పడుతుంది. ఒకరు పోతే మిగిలినవాళ్లను గట్టిగా పిండుతుంది. ఇప్పుడే పన్ను కట్టేసి సొమ్మును వేరే రకం ఖాతాలోకి మార్చుకుంటే, రేపు ఐలీ ఎంత తీసుకున్నా అడిగేవాడుండడు. ఈ సంగతి తెలిసీ మూడేళ్లు మీనమేషాలు లెక్కపెట్టాడు. “చావకముందే శవపెట్టెకి బాడుగ కడతావేంట్రా?” అని రేవు స్నేహితుడు తౌనో ఎకసెక్కమాడితే, నిజమే కదా అనుకున్నాడు.

క్రిస్మస్ పండక్కి ముందు వీధి చివరి హెల్మి వచ్చింది. మొగుడు పోయి రెండేళ్లు. పన్ను కాగితం ఐలీ ఒళ్లో పెట్టి, ఇల్లు అమ్ముకోవాలేమోనని ఏడ్చింది. కాఫీ చల్లారిపోతున్నా ఐలీ ఆమె చెయ్యి వదల్లేదు. రేనోకి భయమేసింది. మర్నాడే సొమ్ము దాచిన పొదుపు సంఘానికెళ్లి ఖాతా మార్చే ఫారం తెచ్చుకున్నాడు.

ఈ ఏడాది లెక్కలోకి రావాలంటే డిసెంబరు ముప్పై ఒకటి ఆఖరు. ఇవాళ ముప్పై. బడి పని ముగించి, ఇంకా తెరవని పొదుపు సంఘం తలుపు సందులోంచి, సంతకం పెట్టిన ఫారం ఉన్న కవరు లోపలికి తోశాడు. ఇంటికి ఈల వేసుకుంటూ నడిచాడు, ఈసారి నోటితోనే.

మూడింటికి ఫోను మోగింది. సంఘంలో పనిచేసే డీన.

“రేనో గారూ, సంతకం పెన్సిల్‌తో పెట్టారేంటండీ! రబ్బరుతో రుద్దితే పోతుంది, ఇది చెల్లదు.”

“నలభై ఏళ్లలో నేను రాసింది ఎవడూ చెరపలేదమ్మాయ్.”

“నాకు తెలుసు, పైవాళ్లకి తెలీదుగా. అయిదు దాకా ఉంటా, వచ్చి ఇంకుతో పెట్టెయ్యండి.”

కిటికీలోంచి పెరట్లోని ఆవిరిస్నానాల సౌనా పొగగొట్టం కనిపించింది. ఐలీ పొద్దున్నించీ బర్చి కట్టెలు పెట్టి కాచింది, రాళ్లు ఎర్రబడి ఉంటాయి. నడుము పీకుతోంది.

“రేపు పొద్దున్నే వస్తా.”

“మధ్యాహ్నం దాకానేనండీ రేపు. మర్చిపోకండి.”

“చెప్పావుగా.”

సొరుగు వెతికి ఐలీ కొత్త పెన్ను తీసిచ్చింది. “ఇదన్నా జేబులో పెట్టుకో ముసలోడా, మళ్లీ ఆ ముక్కతో గీకేవు.”

“చలికి గడ్డకట్టదూ?”

“లోపలి జేబులో పెట్టుకో. నీ ఒంటి వేడికి కరిగే ఉంటుంది.”

చొక్కా జేబులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. ఐలీ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, రాళ్ల మీద నీళ్లు పోసిన చప్పుడు వింది. ఎప్పుడూ మూడుసార్లు పోస్తాడు. రెండోది వినబడలేదు. చేతిలో దుంప పూర్తిచేసి మరొకటి తీసుకుంది. అదీ అయ్యాక కత్తి కింద పెట్టి వెళ్లింది. పైబల్ల మీద గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కళ్లు మూసుకుని, గడ్డం గుండెల మీదికి వాలి.

మర్నాడు మధ్యాహ్నం డీన సంఘం కిటికీ మూసేసింది. సంతకం పెట్టాల్సిన చెయ్యి లేదు. ఇక హెల్మికి పడ్డట్టే ఐలీకీ పన్ను పడుతుంది.

సౌనా బయటి గదిలో బల్ల మీద రేనో చొక్కా మడత పెట్టినట్టే ఉంది. దాని మీద పళ్లగాట్లు పడ్డ పెన్సిల్ ముక్క, జేబులో మూత తియ్యని పెన్ను.