కొత్త చెయ్యి

పైపు తగిలింది.

కారు కింది గుంతలో నిలబడి, మెడ వెనక్కి విరిచి, సైలెన్సర్ పైపును రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్న దేవికకు ఆ సంగతి మోచేతుల్లోనే తెలిసిపోయింది. ముందు మూతి ఇంజను వైపు గొట్టంలో చక్కగా కూర్చుంది. వెనక భాగమే చక్రాల ఇరుసును ఒరుసుకుని మొండికేసింది. ఇట్లాగే బిగిస్తే హుస్నాబాద్ రోడ్డు ఎక్కకముందే టకటకమని కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు చిల్లు పడి పొగ సీట్ల కిందికి వస్తుంది.

"కూసున్నదా రాజమల్లయ్యా?" పైనుంచి కారు తెచ్చిన శైలేందర్ అడిగాడు.

అడిగింది ఆమెను కాదు. రేకుల షెడ్డు ముందు కుర్చీలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆమె తండ్రిని.

"కూసుంటది పటేలా. ఇంక జర్రంత ఒంపు వడాలె," అన్నాడు రాజమల్లయ్య, తల కూడా తిప్పకుండా.

తిప్పినా ఆయనకు కనిపించదు. అద్దాలు పెట్టుకుంటే పని నెమ్మదిస్తుందని, వయసులో ఉన్నన్నాళ్లూ ఉత్త కళ్లతో మంటను చూసిన మనిషి. ఇప్పుడు ఎండకూ నీడకూ తేడా తెలుస్తుంది, అంతే. బోర్డు మీద ఇప్పటికీ 'రాజమల్లయ్య గ్యాస్ వెల్డింగ్' అనే ఉంది. మంట పట్టేదీ, అతుకు వేసేదీ, గుంతలో దిగేదీ దేవిక. గిరాకీ వచ్చినప్పుడు మాత్రం ఆయన పైపు మీద చెయ్యి వేసి పక్కన నిలబడి, ఇటు తిప్పు, అటు వంచు అని గట్టిగా చెబుతాడు. ఆమె పనిముట్లు అందించే మనిషిలా తల వంచుకుని చేస్తుంది. ఆయనకు చూపు పోయిందనీ, పనంతా ఆమెదేననీ ఇంట్లో అందరికీ తెలుసు. బజారుకు తెలియదు. బయటి వెల్డరును పెట్టుకుంటే రోజుకు వెయ్యి రూపాయలు అడుగుతాడు. దేవిక ఒకసారి అడిగితే, "ఇంటి పిల్లకు కూలేందే?" అని తల్లే నవ్వింది.

శైలేందర్ ధూళిమిట్టలో ఎరువుల దుకాణం నడుపుతాడు. కారు అతని తండ్రిది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. సైలెన్సర్ పైపు ఎక్కడా దొరక్క, తిన్నని పైపు కొనుక్కుని వంచి బిగించమని తెచ్చాడు.

పొద్దున దేవిక కారు కిందికి దిగి, సన్నటి ఇనుప తీగను ఇరుసు మీదుగా, ట్యాంకు పక్కగా పోనిచ్చి కొలత వంపు తీసింది. తీగ ఎట్లా ఉంటే పైపు అట్లా వంగాలి. వంచేటప్పుడు నలగకుండా పైపు నిండా ఎండిన ఇసుక దట్టించి, రెండు మూతులకూ చెక్క బిరడాలు కొట్టింది. మామూలుగా అయితే గిరాకీ టీకి పోయినప్పుడు తండ్రికి వంపు ఎంతో చెవిలో చెబుతుంది, ఆయన దాన్నే పైకి అంటాడు. ఇవ్వాళ శైలేందర్ కుర్చీ లాక్కుని ఎదురుగానే కూర్చున్నాడు. చెవిలో చెప్పే వీలు లేకపోయింది.

పైపు ఎర్రబడగానే ఆమె తీగ చూసుకుంటూ వంచసాగింది. సగంలోనే రాజమల్లయ్య, "చాలు, చాలు. ఆపు," అన్నాడు. ఎన్నో కార్లకు వంచిన చెయ్యి అది. ఆ అలవాటే మాట్లాడింది. తీగ ఆయనకు కనిపించలేదు. దేవిక తండ్రి ముఖం చూసింది, శైలేందర్ ముఖం చూసింది. ఆపింది.

అందుకే తగిలింది.

గుంతలోంచి పైకి వచ్చి పైపును మళ్లీ బల్ల మీది వైసు దవడల మధ్య బిగించింది. చెమట కళ్లలోకి కారుతోంది. ఇందాక కారు కింద పెట్టి చూసేటప్పుడు బిరడా ఊడి సగం ఇసుక కారిపోయింది. ఆమె ఇసుక డబ్బా కోసం వంగింది.

"మల్ల ఇసుకెందుకే? పటేలుకు ఆలిశమైతలేదా? గట్లనే కాల్చి గుంజు," అన్నాడు రాజమల్లయ్య.

"పైపు సగం ఖాళీ అయింది బాపు. నలుగుతది."

"నాకు చెప్తవా? గుంజు."

శైలేందర్ గడియారం చూసుకున్నాడు. దేవిక మంట పెట్టింది. ఎర్రబడిన చోట బలమంతా వేసి లాగింది. లోపలి వంపు దగ్గర పైపు కాగితంలా ముడతపడి చప్పున నలిగిపోయింది.

ముడత మీద ఎరుపు మెల్లగా నల్లబడింది.

"ఖరాబ్ జేసిన్రు గదా! గీ పైపు కోసం నేను ఎంత తిరిగిన్నో ఎరికేనా?" శైలేందర్ లేచాడు. "ఆడపిల్లతోని గీ పని జేపిస్తే గిట్లనే అయితది. నీ చెయ్యి మంచిదని నీ దగ్గరికొస్తే, పిల్లకు నేర్పుతున్నవా నా కారు మీద?"

దేవిక తండ్రి వైపు చూసింది. ఒక్క మాట చాలు. నేనే గుంజమన్న పటేలా, అంటే చాలు. కళ్ల సంగతి చెప్పనక్కర లేదు.

రాజమల్లయ్య గొంతు సవరించుకుని నవ్వాడు. "కొత్త చెయ్యి గదా పటేలా. ఏమనుకోకు. ఇంకో ముక్క మన దగ్గరున్నది. ఈసారి నేనే దగ్గరుండి జేపిస్త."

కొత్త చెయ్యి. తన పెద్దకొడుకు కడుపులో ఉన్నప్పుడు కూడా ఈ మంట ముందే నిలబడ్డ చెయ్యి. ముంజేతి మీద మచ్చల మీద మచ్చలు పడ్డ చెయ్యి. దేవిక ఇన్నాళ్లూ తండ్రి పరువు కాపాడుతున్నానని అనుకుంది. ఇప్పుడు ఆయన పరువు నిలబడాలంటే ఆమె చెయ్యి చెడ్డది కావాలి.

"బాపు, కొత్త ముక్కకు నేను జెప్పినట్టు వంపు వెడ్తం. నువ్వు నడ్మ మాట్లాడకు."

రాజమల్లయ్య ముఖం నల్లబడింది. "నలుగుర్ల ఏం మాట్లాడుతున్నవే?" అని గొంతు తగ్గించాడు. "ఇజ్జత్ దియ్యకు బిడ్డా. ఇయ్యాలొక్కనాడు ఊకో."

"నా ఇజ్జత్ ఎవలు జూస్తున్నరు?"

"ఇంటి ముచ్చట్లు తర్వాత వెట్టుకోండ్రి," శైలేందర్ విసుక్కున్నాడు. "రాజమల్లయ్యా, ఆమెను పక్కకు జరగమను. మంట నువ్వే వట్టు. చూస్తా, ఎట్ల కూసోదో."

రాజమల్లయ్య లేచాడు. గోడ పట్టుకుని రెండు అడుగులు వేసి, గ్యాసు గొట్టాన్ని తడిమి అందుకున్నాడు. గ్యాసు వదిలే తాళం తిప్పాడు. బుస్సుమని గ్యాసు వస్తోంది. రెండో చేత్తో లైటర్ నొక్కాడు. నిప్పురవ్వ గొట్టం మూతికి జానెడు పక్కన రాలింది. మళ్లీ నొక్కాడు. ఈసారి రవ్వ ఆయన పంచె మీద పడింది.

దేవిక ఒక్క అడుగులో పోయి సిలిండర్ దగ్గర తాళం బిగించింది. బుస ఆగిపోయింది.

శైలేందర్ దగ్గరికి వచ్చి నల్లద్దాల్లోకి వంగి చూశాడు. "ఏమైంది రాజమల్లయ్యా? కండ్లు మంచిగ లేవా?"

"ఎండ తగిలినట్టున్నది పటేలా. తల తిరుగుతున్నది," అన్నాడు ముసలాయన. చేతిలోని గొట్టాన్ని కూతురు ఉందనుకున్న వైపు చాచాడు. ఆమె అక్కడ లేదు, ఇంకో పక్కన ఉంది.

"దా బిడ్డా. నేను జెప్త. మంట ముట్టియ్యి."

దేవిక చెయ్యి సిలిండర్ తాళం మీదే ఉంది.

"నువ్వు జెప్తే ముట్టియ్యను బాపు," అన్నది.