కళ్ళు మూసుకుని విసిరిన తాడు

జాక్లిన్‌కి నోరు ముందు పనిచేస్తుంది, బుర్ర తీరిగ్గా వస్తుంది. బ్రిస్బేన్‌లో చెట్ల సంరక్షణ కోర్సులో చేరిన రెండో నెలలో, ట్రైనర్ కెల్లీ సన్నటి తాడు కొసకి కట్టిన చిన్న బరువు సంచి చూపించి, "ఇలాంటిది ఎప్పుడైనా విసిరినవాళ్ళున్నారా?" అని క్లాసుని అడిగింది. ఎవరూ కదల్లేదు. జాక్లిన్ చెయ్యెత్తింది.

"మాది అంతర్వేది దగ్గర. వలలు విసిరే ఊరు," అంది ఇంగ్లీషులో, గర్వంగా.

ఊరి సంగతి నిజమే. కానీ వాళ్ళ నాన్న పోస్టాఫీసు గుమాస్తా. చేపతో జాక్లిన్ పరిచయమంతా కంచంలోనే. అయినా ఆ చెయ్యి పైకి లేచి ఉన్నంతసేపూ తను పడవలోనే పుట్టిందేమో అని ఆమెకే అనిపించింది.

వారం తిరక్కుండా ఆమె పేరు పోటీకి వెళ్ళిపోయింది. చెట్లెక్కేవాళ్ళ పోటీల్లో త్రోలైన్ అని ఒక అంశం ఉంటుంది. ఎక్కబోయే ముందు తాడు పైకి చేరాలి కదా, ఆ పనికే పోటీ. చెట్టులో నాలుగు పంగలకి రంగు రిబ్బన్లు కడతారు. కింద నిలబడి సంచిని ఆ పంగలోంచి అవతలికి విసిరి, మళ్ళీ చేతికందేలా దించుకోవాలి. పైకెళ్ళేకొద్దీ మార్కులు ఎక్కువ. మొత్తం ఆరు నిమిషాలు. తయారవడానికి మూడు వారాలున్నాయి.

జాక్లిన్ బ్రిస్బేన్ దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో అమృతం ఆంటీ ఇంట్లో ఒక గదిలో ఉండేది. వృద్ధుల హోమ్‌లో నర్సయిన అమృతానికి పొద్దుటి షిఫ్టు. పోటీ అనగానే ఆవిడ మడతకుర్చీ, ఫ్లాస్కు బయటికి తీసింది.

"ఆర్వో అంతా, అదే, ఇక్కడివాళ్ళు మధ్యాహ్నాన్ని అలాగే అంటారుగా, నాకు ఖాళీయేనమ్మా. ఒక్కదానివే పార్కులో రాళ్ళు విసురుతుంటే ఎవరన్నా కంప్లయింట్ ఇస్తారు. నేనూ వస్తా."

"రాళ్ళు కాదాంటీ, త్రో బ్యాగ్."

"ఏదైతేనేం, నెత్తిన పడితే ఒకటేగా."

చెరువు పక్క పార్కులో పొడుగాటి గమ్ చెట్టు, అంటే యూకలిప్టస్, కింద సాధన మొదలైంది. మాగ్‌పై పక్షులు తలల మీదికి దూసుకొచ్చే కాలం కాబట్టి జాక్లిన్ హెల్మెట్‌ని ఎవరూ వింతగా చూడలేదు. వింతగా చూసింది ఆమె నిలబడ్డ తీరుని. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచి, రెండు చేతులా తాడు పట్టుకుని, సంచిని కాళ్ళ మధ్య ఉయ్యాలూపి వదలాలి. పిండి రుబ్బడానికి కూర్చోబోయి మనసు మార్చుకున్న మనిషిలా ఉంటుంది ఆ భంగిమ.

మొదటి విసురు చెట్టుకేసి వెళ్ళనేలేదు. నేలబారుగా పోయి, బార్బెక్యూ పొయ్యి దగ్గర సాసేజ్‌లు కాల్చుకుంటున్న కుటుంబం సలాడ్ గిన్నెలో దిగింది. అక్కడి పెద్దాయన సంచిని టిష్యూతో తుడిచి మరీ తెచ్చిచ్చాడు. జాక్లిన్ నాలుగుసార్లు సారీ చెప్పింది, రెండు ఆయనకి, రెండు సలాడ్‌కి. రెండో విసురు నిట్టనిలువుగా లేచి హెల్మెట్ మీదే టక్కుమంది. మూడోదానికి తాడు కాలికి చుట్టుకుని, సంచితోపాటు ఆమే బయల్దేరబోయింది.

పది రోజులు ఇదే వరస. చిక్కుపడ్డ తాడుని ఒళ్ళో వేసుకుని అమృతం విప్పేది. చర్చి సంగతులు చెబుతూనే ముళ్ళన్నీ ఊడదీసి, తాడు పెట్టుకునే బకెట్‌లోకి చక్కగా దించేది. జాక్లిన్ మాత్రం తనలో తప్ప మిగతా అన్నిట్లో లోపాలు వెతుక్కుంది. గాలి, తాడు మందం, చేతి తొడుగులు, చివరికి గమ్ చెట్టు నిలబడ్డ పద్ధతి.

పదకొండో రోజు అమృతం కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకుంది. మూడు విసురులు చూసి, "ఏమ్మా, వదిలేటప్పుడు కళ్ళెందుకు మూసుకుంటున్నావు?" అంది.

"మూసుకోవట్లేదాంటీ."

అమృతం ఫోనులో వీడియో తీసి చూపించింది. గట్టిగా మూసుకున్న కళ్ళు, బిగబట్టిన పళ్ళు, సూది వేయించుకునే పిల్ల మొహం. జాక్లిన్ రెండుసార్లు చూసింది. ఇంత మొహం పెట్టుకుని గాలిని తిట్టానా అనుకుంది.

"హోమ్‌లో కొత్త నర్సులు సూది వేసేటప్పుడు ఇలాగే చేస్తారు. పేషెంటు కంటే ముందు వాళ్ళే మూసుకుంటారు," అంది అమృతం. "నీ మీద పడుతుందని భయం. పడనీ, హెల్మెట్ ఉందిగా."

ఆ సాయంత్రం కళ్ళు తెరిచి విసిరితే ఇరవైలో మూడు పంగలోంచి పోయాయి. జాక్లిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు కాలేజీలో కెల్లీ దగ్గరికెళ్ళి, "నేనెప్పుడూ వల పట్టుకోలేదు. అబద్ధం చెప్పాను," అంది.

కెల్లీ రంపం నూనె తుడుచుకుంటూ, "తెలుసు. ఆ రోజు సంచిని హ్యాండ్‌బ్యాగ్‌లా పట్టుకున్నావు," అంది.

"మరి నా పేరెందుకు ఇచ్చారు?"

"టీముకి నలుగురు కావాలి. ముగ్గురే ఉన్నారు."

తన పేరు వెనక ఏదో గొప్ప కారణం ఉంటుందని వారాలుగా ఊహించుకున్న జాక్లిన్ "ఓ" అని బయటికొచ్చేసింది. చిత్రంగా, ఆ రోజు నుంచి భుజాలు తేలికపడ్డాయి.

పోటీ నాడు విజిల్ ఊదారు. మొదటి సంచి చిటారున రిబ్బన్ లేని కొమ్మకి చిక్కుకుంది. లాగింది, బతిమాలింది, రాలేదు. రెండు నిమిషాలు అక్కడే పోయాయి. రెండో సంచి తీసి, అన్నిటికంటే కింది పంగకి గురిపెట్టి, కళ్ళు బాగా తెరిచి వదిలింది. సంచి ఆ పంగని దాటి, రెండోదాన్ని దాటి, మూడోదాన్ని దాటి, అన్నిటికంటే పైదానిలోంచి అవతలికి జారింది. చుట్టూ చప్పట్లు. జాక్లిన్ కావాలనే కొట్టినట్టు మొహం పెట్టడానికి ప్రయత్నించింది గానీ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

సంచి సగం దిగి ఆగింది. తాడు విదిలిస్తే జానెడు, మళ్ళీ విదిలిస్తే జానెడు. చివరి అరనిమిషంలో ఆమె వేళ్ళకి బెత్తెడు ఎత్తున వేలాడుతూ నిలిచింది. జాక్లిన్ అయిదడుగుల మనిషి. ఎగిరింది. అందలేదు. మళ్ళీ ఎగిరింది. చూసేవాళ్ళు నిలబడే హద్దు గీత అవతల నుంచి అమృతం గొంతు వినిపించింది: "తాడు వదులు చెయ్యమ్మా, నువ్వే బిగించి పట్టుకున్నావు."

ఎడమ చేతిలో తాడు నిజంగానే బిగిసి ఉంది. వదిలింది. సంచి వచ్చి ముక్కు మీద పడింది. రెండు చేతులా దాన్ని హత్తుకుంది. విజిల్ మోగింది.

పదకొండు మందిలో ఏడో స్థానం. ముక్కుకి ఐసు పెట్టుకుని కారులో కూర్చుంటే, అమృతం అప్పటికే చర్చి వాళ్ళకి ఫోన్ చేసి "సెవెన్త్ ర్యాంక్" అని చెబుతోంది, ఎంతమందిలోనో చెప్పకుండా. జాక్లిన్ సరిదిద్దలేదు.

మర్నాడు భుజం లేవలేదు. జాక్లిన్ దువ్వెన పట్టుకుని హాల్లోకొచ్చి నిలబడితే, డ్యూటీకి బయల్దేరబోతున్న అమృతం బ్యాగు కింద పెట్టి, ఆమెని పీట మీద కూర్చోబెట్టుకుని, చిక్కు తీసి జడ వేసింది.